కుడివైపు బండ పలికిన విధంబు

సూర్యుడు నడినెత్తి దిగి పడమటి దారి పట్టిన అపరాహ్ణవేళ, మడత కుర్చీల కిరకిరారావములతో దిక్కులు పిక్కటిల్లుచుండ, పైనున్న పంకాలు గాలిని తమకే దాచుకొని శబ్దమును మాత్రము ప్రేక్షకులకు పంచిపెట్టుచుండ, రంగు కాగితపు తోరణమొకటి ఊడి లెక్కల మాస్టారి భుజముపై శాలువవలె వ్రాలియుండ, ఒకానొక పాఠశాల సభామందిరమున వార్షికోత్సవ మహాసమరమునకు సర్వము సిద్ధమై యుండెను.

పూర్వకవులు యుద్ధము వర్ణించుటకు ముందు పెద్ద పెద్ద దేవతలను పిలిచెడివారు. నా కథలోని యుద్ధము రెండు మాటల కోసము. ఇంత చిన్న పనికి వారిని శ్రమపెట్టనేల? నేను వేదికమీది మైకునే వేడుకొందును. అమ్మా మైకూ! కూయకు, గుర్రుమనకు. ఒక పసిపిల్ల రెండు మాటలు పలుకువరకు ప్రాణము నిలుపుకొనుము. తరువాత నీ ఇష్టము.

ఇక వీరుడెవ్వడో వినుడు. మిన్నంటు మేడలు కట్టుచోట, క్రేను నడుపువాడు ఆకాశమున గాజుగదిలో కూర్చుండి, క్రింద నేమి జరుగుచున్నదో కానలేడు. నేలపై నిలిచి చేతి సైగలతో వానికి కన్నులిచ్చు సంకేతహస్తుడు, ఇనుపదూల నర్తయిత, నారింజరంగు కోటుధారి, మన వీరుడు. చూపుడువేలు నింగికెత్తి గుండ్రముగ త్రిప్పెనా, ఎంతటి దూలమైనను కిమ్మనక లేచును. వేలు నేలకు చూపి త్రిప్పెనా, దిగును. చేయి చాచి ఎటు చూపెనో అటు సాగును. అరచేయి నేలకేసి చేయి అడ్డముగ చాచెనా, నిలిచిపోవును. రెండు చేతులు కడుపు ముందు గట్టిగా కలిపి పట్టుకొనెనా, ఎక్కడివక్కడ ఉండవలెను, ఏదియు కదలరాదు. ఇదియే క్రేను శాస్త్రము. ఇందు నోటికి పనిలేదు. అందువలననే కాబోలు, ఆ మహావీరునికి మాటలు తక్కువ.

చేతులకు మాత్రము ఇంటికి వచ్చినను సెలవు లేదు. ఉదయమున మంచము దగ్గర నిలిచి వేలు త్రిప్పిన యెడల, దుప్పటి సహితముగ కూతురు నిటారుగా లేచును. అన్నము ముందు అల్లరి చేసిన యెడల, అడ్డముగ చాచిన చేతికి గరిటెతో సహా ఆగిపోవును. బడిలో చేర్చిన కొత్తలో ఆ పిల్ల గేటు పట్టుకొని గుక్కపట్టి ఏడ్చినప్పుడు, ఏమి చెప్పి ఊరడించవలెనో తోచక, తండ్రి గేటు వెలుపల రెండు చేతులు కలిపి పట్టుకొని నిలుచుండిపోయెను. నాన్న ఇక్కడినుండి కదలడు, అని ఆ సైగకు అర్థమని పిల్లకు తెలిసిపోయెను. ఏడుపు మింగి లోపలికి పోయెను. పిల్ల లోపలికి పోయిన తరువాత కూడ తండ్రి చాలసేపు కదలలేదు. పనికి ఆలస్యమై ఫోర్‌మన్ చేత చీవాట్లు తినెను. ఆ చీవాట్లు తనకు చేదుగా తగలలేదని తరువాత భార్యతో అనెను.

అట్టి కూతురు, ఇంటిలో బుజ్జి, నేటి నాటకమున కుడివైపు బండ.

నాటకము పేరు నది కథ. గలగలలాడుచు వచ్చిన నది, దారికడ్డముగ కూర్చున్న బండను చూచి, "ఓ బండా, దారి వదులు!" అని గద్దించును. అప్పుడు కుడివైపు బండ, "నేను కదలను" అనవలెను. నది ఆలోచించి బండను చుట్టి పోవలెను. ఓర్పు గలవారికి దారి దొరుకునని అందరును పాడవలెను. ఆ రెండు మాటలు లేనిచో నదికి ఆలోచన లేదు, నాటకమునకు నీతి లేదు. అయితే అభ్యాసములలో ఏనాడును బుజ్జి నోట ఆ రెండు మాటలు వెలువడి ఎరుగవు. నది గద్దించునంతలో బండ గొంతు ఎండిపోవును, పెదవులు కదలును, గాలి వచ్చును. విసిగిన డ్రామా టీచరు తుది తీర్పు చెప్పెను. వేదికమీద కూడ మాట రానిచో, దానిని ఎడమవైపు బండ చెప్పివేయును. ఎడమవైపు బండ అను ఆ గడసరి పిల్ల నాటినుండి దారిన పోవు కుక్కకు, పిల్లికి కూడ నేను కదలనని చెప్పుచు సాధన చేయుచుండెను.

ఆ ఉదయమే, కుట్టుపనిలో దిట్టయైన తల్లి పాత బూడిదరంగు దుప్పటిలో దూది కూరి తయారుచేసిన శిలాకవచమును తొడుగుచుండగా, మొగము మాత్రము కనబడు కంతలోనుండి బండ తండ్రిని అడిగెను.

"నాన్నా, నువ్వు నాకు కనపడతావా?"

"వస్తాలే బుజ్జీ."

"రావడం కాదు. కనపడాలి. కనపడకపోతే నాకు మాట రాదు."

"కనపడతా."

"ఒట్టు?"

తండ్రి బండ నెత్తిమీద చేయివేసి ఒట్టు పెట్టెను. ఇనుపదూలములను తృణప్రాయముగ ఆడించిన ఆ వీరుడు వెంటనే గడియారమువైపు చూచెను. ఎందుకనగా ఆ మధ్యాహ్నము దూలమొకటి ఎక్కించవలసి యున్నది. అది ఎక్కితే గాని ఫోర్‌మన్ సెలవీయడు.

దూలము ఎక్కెను. ఫోర్‌మన్ సెలవిచ్చెను. వీరుడు దుస్తులు మార్చుకొనుటకైనను ఆగక, నారింజరంగు కోటుతోనే, నుదుట హెల్మెట్ గీత చెరగకయే, రొప్పుచు సభామందిరమున ప్రవేశించెను.

అచ్చట అతని సతి, ఒక చిన్న కుర్చీపై పెద్ద సంచి పెట్టి, శత్రువులు అన్ని దిక్కులనుండి వచ్చి "ఇది ఎవరిదండీ?" అని ఆక్రమింప జూడగా, "మనిషి వస్తున్నాడు" అను ఒక్క వాక్యమును కోటగోడగ నిలిపి, ఆ స్థానమును కాపాడుచుండెను. భర్తను చూడగనే ఆమె మొగము వికసించెను, నోరు మాత్రము వికసించిన తీరు వేరు.

"ఇప్పుడా రావడం? ఈ కుర్చీ కోసం ఎంతమందితో మాట పడ్డానో తెలుసా? ఆ కోటన్నా విప్పి రావచ్చు కదా, రోడ్డు పని చేయడానికొచ్చారనుకుంటారు."

"మొదలైందా?"

"ఎక్కడ? ముఖ్య అతిథి ఇంకా నాలుగు మాటలే మాట్లాడుతున్నాడు."

ముఖ్య అతిథి నాలుగు మాటలు మాట్లాడి ముగించెదనని లేచినవాడు. ఆ నాలుగింటిలో మొదటిది తన బాల్యము. అది ముగియునప్పటికి ముందు వరుసలో కూర్చున్నవారిలో సగము మందికి మెడలు వ్రాలెను. మిగిలిన మూడు మాటల సంగతి నేను వర్ణింపను, విన్నవారే మరచిరి.

అంతట తెర తొలగెను. నీలి పరదా కొండలు, అట్టముక్కల మేఘములు, కుడి అంచున ఆకులు పట్టుకొన్న చెట్టు, దానికి ప్రక్కన మన బండ, అవతల ఎడమ బండ. అదే క్షణమున సభయందు ఉత్పాతము సంభవించెను. అమ్మలు, నాన్నలు, బాబాయిలు, పిన్నులు, ఒక్కుమ్మడిగ చేతులెత్తిరి. సెల్‌ఫోన్లు పైకి లేచెను. కన్నవారి కన్నులకును కన్నబిడ్డలకును నడుమ మెరయు గోడ లేచెను. ఎదుటనున్న బిడ్డను కన్నులతో చూచుట మాని, తరువాత ఎన్నడును చూడబోని వీడియో కొరకు అందరును మోచేతులు నొప్పి పెట్టించుకొనుచుండిరి.

ఆ సేనలో అగ్రగణ్యుడు మన వీరునికి సరిగా ముందు కూర్చున్న నది నాన్న. నాటకమున నది తన కూతురగుటచే ఆయన మెడ సహజముగనే నిక్కియుండెను. పైగా అన్నము పళ్లెమంత టాబ్లెట్‌ను రెండు చేతుల నెత్తి పట్టుకొని, దానిమీద తన తలను ఎత్తి పట్టుకొనియుండెను. దాని వెనుకనుండి వీరునికి కనబడినదెల్ల ఒక అట్టమేఘపు తోక.

బండ కంతలోనుండి రెండు కన్నులు సభనంతయు వెదకుచున్నవని వీరునికి చూడకయే తెలియుచుండెను. వరుస వెంబడి వరుస, అద్దపు పలకలే గాని నాన్న ఏడీ? అప్పుడతడు మనసున ఇట్లు గర్జించెను: "ఓరీ ఫలకధరా! పుత్రికాముఖదర్శన విఘాతకా! నీ ఫలకమును దింపెదవా, లేక నా భుజదండ ప్రచండ విక్రమమునకు గురియయ్యెదవా? ఇనుమునే గాలిలో నిలిపినవాడను, నీవెంత, నీ పళ్లెమెంత!"

నోట వచ్చినది మాత్రము ఇది.

"సార్, కొంచెం కిందకి పెడతారా?"

"ఒక్క నిమిషం ఉండండి, ఇప్పుడే మా నది వస్తుంది" అని ఫలకధరుడు వెనుదిరుగకయే పలికెను.

వీరుడు ఎడమకు వంగెను. ఫలకము ఎడమకు వంగెను. కుడికి వంగెను. అదియు కుడికి వంగెను. కిందినుండి చూడ ప్రయత్నింపగా కుర్చీ కాలు నడుమకు తగిలెను. ఇక వేరు మార్గము లేక లేచి నిలిచెను. నిలిచినదే తడవుగ వెనుకనుండి మరియొక యుద్ధరంగము తెరచుకొనెను. అచ్చట కూర్చున్నది చెట్టు వేషము వేసిన మనుమని నాయనమ్మ. ఊతకర్ర ఆయుధము, నాలుక బ్రహ్మాస్త్రము.

"కూచో నాయనా! నువ్వేమన్నా అద్దమా, నీలోంచి మాకు కనపడ్డానికి?" అనుచు ఊతకర్రతో వెన్నుమీద పొడిచెను.

"మా పాప నన్ను చూడాలండీ."

"నువ్వు పాపని చూడాలి గాని, పాప నిన్ను చూడ్డమేంటి? చోద్యం కాకపోతే! కూచో!"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అను సామెత ఎవరు పుట్టించిరో గాని, వారి పిల్లలు తప్పక బడి నాటకములలో వేషము కట్టియుందురు. వేదికమీద నది ప్రవేశించెను. నీలి పరికిణీ విసరుచు, గలగలమని తనకు తానే చప్పుడు చేసికొనుచు, బండవైపు వచ్చుచుండెను. ఇక కొద్ది క్షణములలో గద్దింపు వెలువడును. బండ పెదవులు ఇప్పటికే ఎండియుండును. వీరుడు కూర్చుండెను. కూర్చుండి, వేరేమియు తోచక, కుడిచేతిని ఫలకారణ్యము పైకి, ఎవరి ఫోనుకును అందనంత ఎత్తునకు చాచి, ఇదిగో నేనిక్కడ ఉన్నాను, అని ఊపెను.

ఊపితినని అతడనుకొనెను. కాని ఆ చేయి ఎన్నేండ్లనుండి ఏ పనికి అలవాటుపడినదో ఆ పనియే చేసెను. చూపుడువేలు నింగికి లేచెను. గుండ్రముగ తిరిగెను.

వేదికమీద కుడివైపు బండ లేచి నిలుచుండెను.

సభ నిర్ఘాంతపోయెను. ప్రపంచ చరిత్రయందు ఏ నదియు ఇంకను అడుగకమునుపే ఏ బండయు మర్యాదగా లేచి నిలుచుండలేదు. నోరు తెరచిన నది ఆ నోటితోనే తెరచాటునకు తిరిగి, "టీచర్! బండ లేచిపోయింది టీచర్!" అనెను. మైకు నా ప్రార్థన మన్నించి ఆ మాటను మూలమూలలకు మోసెను. "కూర్చో! కూర్చో!" అని తెరచాటున టీచరు గుసగుసలాడగా, అదియు మూలమూలలకు మోసెను.

వీరుడు బెదరి, అక్కడే ఉండు తల్లీ, నీ చోటు అదే, అని చేయి చాచి బండ చోటును చూపెను. సభామధ్యమున కూర్చున్నందున ఆ చేయి కుడివైపు చూపెను. చేయి ఎటు చూపిన అటు సాగవలెనని గదా శాస్త్రము! బండ కుడివైపు నడక సాగించెను. తొట్రుపడక, తొందరపడక, పెంపకమునకు తగినట్లు, దూలము సాగినంత నిదానముగ సాగి చెట్టును ఢీకొనెను. చెట్టు కొమ్మ ఒకటి విరిగి పడెను.

"అయ్యో, మా చెట్టు!" అని వెనుక నాయనమ్మ ఘోషించెను. సభ ఘొల్లున నవ్వెను. నవ్వులో బండ మొగము ఎర్రనగుచుండుట తండ్రికి ఫలకమున కనబడెను.

అప్పుడు అతని సతి చేయి పట్టి లాగెను.

"ఏం చేస్తున్నారు మీరు? అది మీ చెయ్యి చూసే నడుస్తోంది!"

"నా చెయ్యా?"

"మరి నాదా? లేపింది మీరే, నడిపింది మీరే. ఇక దాన్ని దించండి మహాప్రభో!"

వీరుడు తన చేతిని తాను చూచుకొనెను. జ్ఞానోదయమయ్యెను. అనగా, పిల్లను నవ్వులపాలు చేసినది తానే. అయితే అంతకు ముందొక సంగతి కూడ జరిగినదని అతనికి తట్టెను. చేయి చూచినదనగా, పిల్ల తన్ను చూచినది! మాట నిలిచినది! ఇక సిగ్గేల, శరమేల? అతడు నడి సభలో కుర్చీమీదికెక్కి నిలిచెను. నారింజరంగు కోటు దీపముల కాంతికి ధగధగలాడెను. అరచేయి నేలకేసి చేయి అడ్డముగ చాచెను. బండ ఆగెను. చేయి ఎడమకు చూపెను. బండ ఎడమకు సాగెను. మరల ఆపెను. వేలు నేలకు చూపి మెల్లమెల్లగ త్రిప్పెను. బండ తన చోటున, దూది నలుగకుండ, గాజుపలక దిగినంత భద్రముగ దిగి కూర్చుండెను.

సభయందు నవ్వు ఆగిపోయెను. వెనుకనేమి జరుగుచున్నదో చూడవలెనని ఫోన్లు ఒకటొకటిగ దిగెను. నది నాన్న కూడ టాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకొని నోరు తెరచి వెనుదిరిగెను. దారి తెరచుకొనెను. తండ్రికి కూతురు, కూతురికి తండ్రి, నడుమ ఏ అద్దమును లేక కనబడిరి. కుర్చీ దిగబోవు వీరుని ఊతకర్రతో మెల్లగ తట్టి, "ఉండు నాయనా, నిలబడే ఉండు. నీ పని కానియ్యి" అని నాయనమ్మ ఆనతిచ్చెను.

నదికి ధైర్యము వచ్చెను. పరికిణీ సవరించుకొని వెనుకకు పోయి, మరల గలగలమనుచు వచ్చి గద్దించెను.

"ఓ బండా, దారి వదులు!"

బండ పెదవులు కదలెను. గాలి వచ్చెను. మాట రాలేదు. అవతల ఎడమవైపు బండ గొంతు సవరించుకొనెను.

ఇప్పుడు వినుడు వీరుని కష్టము. లెమ్మనుటకు సైగ కలదు. దిగుమనుటకు కలదు. సాగుటకు, ఆగుటకు కలదు. పలుకుమనుటకు లేదు! క్రేనుకు నోరు లేదు గనుక శాస్త్రకారులు ఆ సైగను కల్పింపలేదు. ఇన్నేండ్లు ఇన్ని దూలములకు ఆజ్ఞలిచ్చిన ఆ చేతులు, తన బిడ్డ నోట రెండు మాటలు తెప్పించుటకు చాలక గాలిలో వెలవెలబోయెను. అతని కన్నులలో నీరు నిండెను. పిల్ల మొగము ఆనాటి గేటు వెనుకటి మొగమువలెనే కనబడెను. ఎడమ బండ ఊపిరి పీల్చెను. ఏమియు చేయజాలని తండ్రి, ఆనాడు గేటువద్ద చేసినదే మరల చేసెను. రెండు చేతులు కడుపు ముందు కలిపి గట్టిగా పట్టుకొని, కుర్చీమీద అట్లే నిలుచుండిపోయెను.

బండ ఆ చేతులను చూచెను. ఆ సైగ తనకు తెలియును. దాని అర్థమును పెద్ద గొంతుతో, సభ చివరనున్న కావలివానికి కూడ వినబడునట్లు చెప్పివేసెను.

"నేను కదలను!"

దిక్కులు మ్రోగెను. తోరణము మాస్టారి భుజమునుండి జారిపడెను. సభయంతయు చప్పట్లతో బద్దలయ్యెను. ఎడమవైపు బండ పీల్చిన ఊపిరిని నిరాశతో వదలెను. నది ఆలోచించెను, బండను చుట్టి పోయెను, అందరును పాడిరి, ఓర్పు గలవారికి దారి దొరికెను. మైకు అంతవరకు కూయని కూత అప్పుడు కూసి ప్రాణము విడిచెను. దాని ఋణము నేను తీర్చుకొనలేను.

"ఎవరి పిల్ల నాయనా అది?" అని నాయనమ్మ అడిగెను.

"మా బండేనండీ" అని వీరుడు చెప్పెను. చెప్పి కుర్చీ దిగి, కోటు చేతితో కన్నులు తుడుచుకొనెను. ప్రక్కనున్న సతి తన కన్నులు తుడుచుకొనుటకు అదే కోటు రెండవ చేతిని వాడుకొనెను.

నది నాన్న టాబ్లెట్ తీసి చూడగా అందు తన గడ్డము, సభా మందిరపు కప్పు, నారింజరంగు చేయి, ఇవియే ఉండెను. నది ఒక మూలను కొంచెము పారుచుండెను. బయటకు వచ్చుచుండగా డ్రామా టీచరు వీరునికి ఎదురుపడెను.

"మీ అమ్మాయి చాలా బాగా చెప్పిందండీ. వచ్చే ఏడాది కూడా మీరు తప్పకుండా రండి. చేతులు మాత్రం జేబులో పెట్టుకుని రండి."

ఇట్లు నది వదలుమన్నను వదలని దారికి, గొంతు వదలనన్నను వదలిన రెండు మాటలకు, లోకమున జయము ప్రకటింపబడెను. ఈ కథ చదివినవారికి సభలలో ముందు పొట్టివారు కూర్చుండుదురు. విన్నవారికి ముఖ్య అతిథి నాలుగు మాటలు నిజముగనే నాలుగగును.

మరునాటి ఉదయము, బడి వేళయగుచుండ, విజయగర్వమున మీసము దువ్వుకొనుచు వీరుడు మంచము దగ్గర నిలిచి, ఎప్పటివలె చూపుడువేలెత్తి గుండ్రముగ త్రిప్పెను. దుప్పటి లేవలేదు. మరల త్రిప్పెను. దుప్పటి కొంచెము తొలగెను. లోపల రెండు చిన్న చేతులు కడుపుమీద గట్టిగా కలిపి పట్టుకొని యుండెను. వాటిపైనుండి నిద్రమత్తులో, అయినను తడబాటు లేక, మాట వచ్చెను.

"నేను కదలను."

"మీరు నేర్పిన విద్యేగా, అనుభవించండి" అని వంటింటిలోనుండి సతి నవ్వెను.

వీరుడు ఎత్తిన వేలు దించెను. ఫోర్‌మన్ చీవాట్లు ఎట్లును తప్పవని తెలిసి, మంచము అంచున కూర్చుండి, తానును రెండు చేతులు కలిపి పట్టుకొని, కదలలేదు.